బుర్జ్ ఖలీఫా 124వ అంతస్తు: ఒక సెంట్రింగ్ మేస్త్రి రివ్యూ

మన జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి దుబాయ్‌లో ఉన్న కొడుకు దగ్గరికో, తమ్ముడి దగ్గరికో వెళ్లేవాళ్లు చాలామంది. బుర్జ్ ఖలీఫా ఎక్కాలా వద్దా అని నన్ను అడుగుతుంటారు. తప్పకుండా ఎక్కండి. 124, 125 అంతస్తుల టికెట్ చాలు. 148కి ధర చాలా ఎక్కువ. 452 మీటర్ల ఎత్తుకు చేరాక, ఇంకో వంద మీటర్లు పైకి పోతే కింద ఊరు మరింత చిన్నదవుతుంది తప్ప కొత్తగా కనిపించేది తక్కువ.

నేను షార్జాలో సెంట్రింగ్ పని చేశాను, ఇప్పుడు హనుమకొండలో మేస్త్రిని. ఏ బిల్డింగ్ చూసినా ముందు నా కన్ను పోయేది బరువు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతోందన్న దాని మీదికే. అద్దాలు, రంగులు తర్వాత.

ఆ లెక్కన నాకు ఇంత నచ్చిన టవర్ ఇంకోటి లేదు. మధ్యలో ఆరు పలకల కాంక్రీట్ కోర్, దానికి మూడు వైపులా మూడు రెక్కలు. గాలికి ఒక రెక్క మీద ఒత్తిడి పడితే మిగతా రెండూ ఆపుకుంటాయి. పైకి పోయేకొద్దీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మెట్టుగా ఆగిపోతుంటాయి. దానివల్ల ఒక్కో ఎత్తులో ఆకారం మారి, గాలి సుడులు ఒక్క తీరుగా కుదురుకుని టవర్‌ను ఊపలేవు. ఇది ఇంజినీర్ బిల్ బేకర్ ఆలోచన. అన్నిటికన్నా నాకు ముఖ్యమైంది ఏమిటంటే, మెట్టు వచ్చిన చోట కూడా పై పిల్లర్ కింది గోడ మీదే కూర్చుంటుంది. బరువు పక్కకు తిరగకుండా నేరుగా పునాదికి, అక్కడ భూమిలోకి దింపిన 192 కాంక్రీట్ స్తంభాలకు (పైల్స్) దిగుతుంది.

మన దగ్గర ఇల్లు కట్టించుకునేవాళ్లు కారు తిరగడానికి అడ్డమని కింద పిల్లర్ తీసేయమంటారు. పైన బెడ్‌రూమ్ కోసం బీమ్ మీద నుంచి కొత్తది లేపమంటారు. ‘ఒక్క పిల్లరే కదా మేస్త్రీ, ఏమైతది?’ అంటారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్. 828 మీటర్ల బిల్డింగ్‌లో పాటించిన పద్ధతి రెండంతస్తుల ఇంట్లో పాటించలేమా?

పైన బరువు తగ్గించడం మన రామప్ప గుడి కట్టినవాళ్లకూ తెలుసు. శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు వాడారు. బుర్జ్ ఖలీఫాలో కింది భాగం కాంక్రీట్, చివరి భాగం స్టీల్. ఆ కాంక్రీట్‌ను 600 మీటర్ల పైకి పంపు చేశారు. ఎండాకాలంలో రాత్రిపూట ఐస్ కలిపి పోశారు. అక్కడి ఎండలో పోత పనిలో నిలబడ్డవాళ్లకు అదెంత కష్టమో తెలుస్తుంది.

నచ్చనిది ఒకటుంది. మనుషులు వాడే ఆఖరి అంతస్తు పైన దాదాపు 244 మీటర్లు ఉత్త శిఖరమే. దాన్నీ ఎత్తు లెక్కలో కలపడం నాకు సరిగ్గా అనిపించదు. దూరం నుంచి చూస్తే మాత్రం అది లేకుండా ఆ సన్నదనం రాదని ఒప్పుకోవాలి.

మెలి తిరిగిన టవర్లు నాకు సాధారణంగా నచ్చవు. దుబాయ్ మెరీనాలోని కయాన్ టవర్ వేరు. అన్ని అంతస్తులదీ ఒకే ప్లాన్, ఒక్కో అంతస్తూ కొద్దికొద్దిగా తిరుగుతూ పైకి వెళ్లేసరికి 90 డిగ్రీలు అవుతుంది. సెంట్రింగ్ తెలిసినవాళ్లు చూడాల్సిన పని అది.

ఇక టికెట్ సంగతి. దారి దుబాయ్ మాల్ లోపలి నుంచే. లిఫ్ట్ సెకనుకు 10 మీటర్లు పోతుంది, చెవులు బిగుసుకుంటాయి. సూర్యాస్తమయం వేళ ధరా ఎక్కువే, జనమూ ఎక్కువే. ఎండాకాలం దుమ్ముకు దూరం కనిపించదు కాబట్టి డిసెంబర్, జనవరిలో పొద్దున వెళ్లండి. దిగాక టవర్ ముందున్న చెరువు అవతలి ఒడ్డుకు నడిచి, ఏ రెక్క ఎక్కడ ఆగిందో కింది నుంచి పైదాకా చూడండి. దానికి టికెట్ అక్కర్లేదు. పెద్దవాళ్లను తీసుకెళ్తే మాల్‌లో నడక చాలా ఉంటుంది, మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చైర్ ముందే అడగండి.