కీల్డర్ చుట్టూ సైకిళ్ల మీద: దారి బంగారం, బస ఇత్తడి

అక్కా బావలతో కలిసి నేనూ మా ఆవిడా సైకిళ్లు తొక్కడానికి కీల్డర్ వెళ్లాం. దిగిన బసలో రెండు గదులకు రెండు రాత్రులకు కలిపి 296 పౌండ్లు ముందే కట్టించుకున్నారు. బయల్దేరే రోజు పొద్దున ఇంకో కాగితం చేతిలో పెట్టారు. సైకిళ్ల భద్రతకు రాత్రికి 4 పౌండ్ల చొప్పున నాలుగు సైకిళ్లకు 32, బట్టలు ఆరబెట్టుకున్నందుకు 10. వెరసి 42 పౌండ్లు. మేం తొక్కిన కీల్డర్ చెరువు చుట్టూ దారి కూడా సుమారు 42 కిలోమీటర్లే. "కిలోమీటరుకో పౌండు పడింది బావమరిదీ" అని మా బావ నవ్వాడు గానీ మా అక్క నవ్వలేదు.

ఇంగ్లండు ఉత్తరపు కొసన, స్కాట్లండ్ సరిహద్దును ఆనుకుని నార్తంబర్లండ్ కొండల్లో ఉంటుంది కీల్డర్. న్యూకాసిల్ నుంచి కారులో గంటన్నర. అది సహజమైన సరస్సేమీ కాదు, నార్త్ టైన్ నదికి ఆనకట్ట కట్టి నిలబెట్టిన జలాశయం. 20 వేల కోట్ల లీటర్ల నీళ్లు పడతాయి. మనిషి కట్టిన జలాశయాల్లో ఈ దేశంలో ఇంతకంటే ఎక్కువ నీరు పట్టేది లేదు. టీస్ నది ఒడ్డున ఉన్న ఉక్కు, రసాయన కర్మాగారాలకు నీళ్లు చాలవని 1970ల్లో మొదలుపెట్టారు. 1982లో ఎలిజబెత్ రాణి ప్రారంభించేనాటికి ఆ పరిశ్రమలే డీలా పడ్డాయి. ఎవరి కోసం కట్టారో వాళ్లకు అక్కర్లేకపోయింది గానీ మనలాంటి సైకిలు పిచ్చోళ్లకు మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చింది.

ముందు బస సంగతి కక్కేస్తాను, లేకపోతే దారి గురించి ప్రశాంతంగా రాయలేను. ప్రకటనలో "సైకిలిస్టులకు స్వాగతం, తాళం వేసే గది ఉంది" అని రాసుకున్నారు. చూస్తే పెరట్లో చెత్త డబ్బాల పక్కన రేకుల షెడ్డు. లోపల గడ్డి కోసే మిషను, ఎండిపోయిన పెయింటు డబ్బాలు. తలుపుకు చెక్క గడియ ఒక్కటే. "తాళం ఏదండీ?" అని అక్క అడిగితే ఆ ఇంటాయన ఎంతో మర్యాదగా "మీరు తెచ్చుకుంటారనుకున్నాం" అన్నాడు. నా సైకిలు ఖరీదు తలుచుకుని నేను రాత్రి రెండుసార్లు లేచి కిటికీలోంచి చూశాను.

మొదటి రోజు సాయంత్రం వానలో తడిసి, గొలుసు నిండా ఇసుకతో చేరాం. కడుక్కోవడానికి గొట్టం అడిగితే ఆ కొళాయి తోటకట. తాగే సీసాలతో నీళ్లు మోసుకొచ్చి గేర్ల మీద పోశాం. బట్టలకు బాయిలర్ ఉన్న చిన్న గది చూపించి "ఇక్కడ వేసుకోండి" అన్నారు, దానికో ధర ఉందని మాత్రం అనలేదు. వంటగది ఏడున్నరకు మూసేశారు. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, సైకిలు వాళ్లెవరైనా ఏడింటికే వచ్చి పళ్లెం ముందు కూర్చుంటారా? అక్క తెచ్చిన పులిహోర లేకపోతే మా ఆవిడ ఆ రాత్రే కారెక్కేసేది.

ఇక దారి. దాని పేరు లేక్‌సైడ్ వే. 26 మైళ్లు, జలాశయం చుట్టూ తిరిగి మళ్లీ బయల్దేరిన చోటికే వస్తుంది. గట్టిగా అణచిన కంకర, పైన రాతిపొడి. కార్ల బెడద లేదు. నడిచేవాళ్లు, గుర్రాల వాళ్లు, చక్రాల కుర్చీల వాళ్లు అందరూ ఇదే దారి వాడతారు కాబట్టి గంట కొట్టాలి, గుర్రం కనిపిస్తే ఆగి పక్కకు జరగాలి.

చెరువు గట్టు కదా, చదునుగా ఉంటుందని మా ఆవిడ లెక్క. అలా ఉండదు. గట్టు తిన్నగా సాగదు, ప్రతి వాగు దగ్గరా లోపలికి మడత పడుతుంది. ఆ మడత దగ్గర దిగడం, వాగు దాటడం, వెంటనే ఎక్కడం. ఏ ఎక్కుడూ పొడుగ్గా ఉండదు, అలాగని అయిపోదు కూడా. ముప్పై కిలోమీటర్లు దాటాక ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, వాగు కనిపిస్తే చాలు నావైపు చూసేది. అద్దెకు తెచ్చిన బ్యాటరీ సైకిలు మీద అక్క మాత్రం రాణిలా పోయింది. రోజుకు 45 పౌండ్లు, కానీ ఈ ప్రయాణంలో ఇచ్చినందుకు ఏడవని డబ్బు అదొక్కటే.

టైర్ల సంగతి బావను చూసి తెలుసుకోండి. ఆయన 32 మిల్లీమీటర్ల టైర్లలో గాలి రాయిలా కొట్టించుకొచ్చాడు. దిగుళ్లలో కంకర మీద వెనక చక్రం పక్కకు తోసుకుపోయింది, ఆనకట్ట చేరేలోపే ఒక పంక్చరు. నావి 45 మిల్లీమీటర్లు, ట్యూబు లేనివి, గాలి ఒత్తిడి 32 పీఎస్ఐ. రాళ్ల మీద చప్పుడే లేదు. టైరు 40 మిల్లీమీటర్లకు తక్కువైతే వెళ్లొద్దని నా మాట.

దక్షిణపు గట్టున టవర్ నోల్, లీప్లిష్ అనే చోట్ల కాఫీ, మరుగుదొడ్లు, పార్కింగు అన్నీ ఉన్నాయి. ఉత్తరపు గట్టున ఏమీ లేవు. ఆనకట్ట దాటితే కీల్డర్ ఊరు వచ్చేదాకా చుక్క నీళ్లు కొనే చోటు లేదు, మా నలుగురి ఫోన్లలో ఒక్కదానికీ సిగ్నల్ రాలేదు. అయినా నన్నడిగితే అసలు అందమంతా అటువైపే. ఒకవైపు సిట్కా స్ప్రూస్ చెట్లు, ఇంకోవైపు నీళ్లు, మధ్యలో మన చక్రాల కింద కంకర నలిగే చప్పుడు. చెట్ల మధ్య పెద్ద చెక్క తలకాయ ఒకటి ఉంటుంది, సిల్వాస్ క్యాపిటాలిస్ అంటారు. నోట్లోంచి లోపలికి దూరి, పైకెక్కి కళ్లలోంచి బయటికి చూడొచ్చు. వాన జోరందుకుంటే మేం అందులోనే నిలబడి మిగిలిన పులిహోర లాగించాం. ఇంగ్లండులో మిగిలిన ఎర్ర ఉడతల్లో ఎక్కువ భాగం ఈ అడవిలోనేనట, మాకు తోకైనా కనిపించలేదు.

చెరువు పై కొసన పాత రైలు వంతెన ఉంది. 1862 నాటిది, ఏడు కమానులు, నదికి ఐమూలగా కట్టారు. ఆ రైలు మార్గంలో కొంత భాగం ఇప్పుడు నీళ్ల కింద ఉంది. కమానుల్లో రాళ్లు అడ్డంగా కాక మెలితిరిగినట్టు వరసలు పోతాయి. బావ సివిల్ ఇంజనీరు, అక్కడ ఇరవై నిమిషాలు కదల్లేదు.

రెండో రోజు ఆడవాళ్లు కారులో తిరిగారు. నేనూ బావా లూయిస్ బర్న్ వాగు వెంబడి అడవి రోడ్డు పట్టుకుని సరిహద్దు మీదున్న బ్లడీ బుష్ రాతి స్తంభం దాకా ఎక్కాం. ఇక్కడ మాత్రం దుంగల లారీలు రావచ్చు, చెట్లు కొట్టే రోజుల్లో దారి మూసేస్తారు, బోర్డు ఉంటే వెనక్కి తిరగడమే. పైన ఉన్నది ఒకప్పటి ప్రైవేటు టోల్ రోడ్డు రేట్ల రాయి. గుర్రానికి 3 పెన్నీలు, బొగ్గు మోసే గుర్రమైతే 2, గొర్రెకు అర పెన్నీ అని చెక్కి ఉంది. ఎంత పడుతుందో దారిలో అడుగు పెట్టకముందే చెప్పారు మహానుభావులు. కిందికి రాగానే బావ ఆ ఫోటో అక్కకు చూపించాడు. మర్నాడు బిల్లు దగ్గర అక్క ఆ ఫోటోనే ఇంటాయన ముందు పెట్టి "ఇలా రాసి పెట్టండి" అంది. ఆయనకు అర్థం కాలేదు, డబ్బు మాత్రం తీసుకున్నాడు. బుకింగ్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే 32 పౌండ్లు వెనక్కి వచ్చాయి, ఆరబెట్టిన పది రాలేదు.

వెళ్లేవాళ్లు బస మాట్లాడేటప్పుడు మూడు ప్రశ్నలు రాతలో అడగండి: తాళం ఉందా, గొట్టం ఉందా, ఆరబెట్టుకునే గది ఉచితమా. ఫోన్లో "ఓ, తప్పకుండా" అంటే నమ్మొద్దు. టవర్ నోల్ దగ్గర మొదలుపెట్టి ముందు ఆనకట్ట మీదుగా ఉత్తరపు గట్టు కానిచ్చేయండి, కాళ్లలో సత్తువ ఉండగానే ఆ ఖాళీ భాగం అయిపోతుంది. పార్కింగు టికెట్టు పారేయకండి, అదే రోజు చెరువు చుట్టూ ఉన్న మిగతా పార్కింగుల్లోనూ చెల్లుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మిడ్జ్ అనే చిన్న దోమలుంటాయి. సైకిలు కదులుతున్నంతసేపూ ఏమీ చేయవు, పంక్చరు వేసుకుందామని కూర్చున్నారా, చెవుల్లోకి కూడా దూరతాయి. ముఖానికి వల 6 పౌండ్లు, ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి.