అవసరానికి మించిన సున్నితం: ఆర్.వి. జోన్స్ పుస్తకాలతో పదిహేనేళ్ళు

2009లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మోస్ట్ సీక్రెట్ వార్ కొన్నాను. నూట ఇరవై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు. అట్ట మీద యుద్ధ విమానం బొమ్మ చూసి ఏదో థ్రిల్లర్ అనుకున్నా. ఇన్నేళ్ళలో అట్ట రెండుసార్లు ఊడింది. మా బావమరిది తీసుకెళ్ళి ఏడాదిన్నర తర్వాత తిరిగిచ్చాడు. మార్జిన్లు నా పెన్సిల్ రాతలతో నల్లబడ్డాయి. నేను కాలిబ్రేషన్ పని, అంటే కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించే పని చేసేవాణ్ణి. డయల్ గేజీలు, స్లిప్ గేజీలు, ప్రెషర్ గేజీలు, ఇవే నా లోకం. అందుకని చరిత్రకారుడి సమీక్ష నా దగ్గర దొరకదు. ఈ పుస్తకం నాకు వర్క్‌బెంచ్ దగ్గర ఎలా పనికొచ్చిందో చెప్పగలను, అంతే.

రచయిత రెజినాల్డ్ విక్టర్ జోన్స్. 1911లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ లేబొరేటరీలో లిండెమన్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ పరికరాలు తయారుచేసినవాణ్ణి 1939లో బ్రిటిష్ వాయుసేన మంత్రిత్వ శాఖ గూఢచర్య విభాగంలోకి తీసుకుంది. శత్రువు ఏ కొత్త పరికరం కడుతున్నాడో ముందే పసిగట్టడం ఆయన పని. యుద్ధం అయ్యాక 1946 నుంచి 1981 దాకా అబర్డీన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్. యుద్ధ జ్ఞాపకాల పుస్తకం 1978లో వచ్చింది. కొలత పరికరాల మీద రాసిన పరిశోధన పత్రాల సంపుటి ఇన్‌స్ట్రుమెంట్స్ అండ్ ఎక్స్‌పీరియన్సెస్ 1988లో వచ్చింది. రెండోది నాకు చాలా ఆలస్యంగా, అదీ కొంత ఫొటోస్టాట్ రూపంలో దొరికింది. రెండూ కలిపి చదివాకే మొదటిది నాకు సరిగ్గా అర్థమైంది.

ఎక్కువసార్లు తిరగేసింది రేడియో బీమ్‌ల అధ్యాయాలు. 1940 వేసవి. రాత్రిపూట వచ్చే జర్మన్ బాంబర్లకు దారి చూపించే రేడియో బీమ్ ఏదో ఉందని జోన్స్‌కు అనుమానం. విప్పిన ఒక రహస్య సందేశంలో క్లీవ్ అనే జర్మన్ ఊరి పేరు, క్నికెబైన్ అనే మాట, ఇంగ్లండ్ మీద ఒక చోటు అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి. మరి ఆ బీమ్‌ను పట్టుకునే రిసీవర్ విమానంలో ఎక్కడుంది? కూలిన హైన్‌కెల్ 111 శకలాల్లో దొరికినదల్లా మంచులో రన్‌వే మీద దిగడానికి వాడే మామూలు లోరెంజ్ రిసీవర్. జోన్స్ దాన్ని పరీక్షించిన ఇంజనీరుకు ఫోన్ చేసి, అందులో విశేషమేమైనా ఉందా అని అడిగాడు. ఏమీ లేదన్నాడాయన. ఆ వెంటనే ఒక్క ముక్క కలిపాడు: ల్యాండింగ్‌కు కావలసిన దానికన్నా ఇది చాలా ఎక్కువ సున్నితంగా ఉంది.

ఈ పేజీ నా ప్రతిలో దాదాపు చిరిగిపోయింది. గేజీ తప్పు చూపిస్తే ఎవరైనా పట్టుకుంటారు. గేజీ అవసరానికి మించి బాగుంటే ఎందుకు బాగుందని అడిగేవాళ్ళు తక్కువ. నేనూ అడగలేదు అన్నేళ్ళు. రిపోర్టులో ‘పాస్’ అని రాసి పక్కన పెట్టేసేవాణ్ణి. కొలిమి కోసం అని చెప్పి ఒక కస్టమర్ పంపిన థర్మోకపుల్‌కు (వేడిని కొలిచే తీగకు), కొలిమిలో ఎందుకూ పనికిరానంత కచ్చితత్వం అడిగాడు. పుస్తకం గుర్తొచ్చి ఫోన్ చేశా. వాళ్ళు దాన్ని మాస్టర్‌గా పెట్టుకుని మిగతా వాటినన్నిటినీ దాంతో సరిచూస్తున్నారని తేలింది. అంటే నేను చేసే పరీక్ష పూర్తిగా వేరే పద్ధతిలో చేయాలన్నమాట.

1940 జూన్ 21న చర్చిల్ సమావేశానికి పిలుపొస్తే జోన్స్ ముందు ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడట. అప్పటికి వయసు ఇరవై ఎనిమిది. ఆలస్యంగా వెళ్ళి, పెద్దవాళ్ళందరి మధ్య కూర్చుని కథంతా మొదటినుంచీ చెప్పాడు. ఆ దూరానికి రేడియో తరంగాలు భూమి వంపు వెంట రావని ఎకర్స్‌లీ అనే పెద్ద నిపుణుడి వాదన. అదే రోజు రాత్రి ఒక ఆన్సన్ విమానం పైకెళ్ళి బీమ్‌ను పట్టుకుంది. 31.5 మెగాహెర్ట్జ్, వెడల్పు నాలుగైదు వందల గజాలు, స్పాల్డింగ్ అనే ఊరికి కాస్త దక్షిణంగా. రిసీవర్‌లో ఒక పక్క చుక్కలు (పొట్టి మోతలు), ఇంకో పక్క గీతలు (పొడుగు మోతలు), నడిమధ్య ఆగని మోత. రెండో బీమ్ దీన్ని డెర్బీ దగ్గర కోస్తోంది. అక్కడ రోల్స్ రాయిస్ ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది.

దీని తర్వాతిది ఎక్స్-గెరెట్ అనే ఇంకో జర్మన్ బీమ్ పద్ధతి. పరికరాల పని తెలిసినవాళ్ళకు పండగే. విమానం ప్రధాన బీమ్ వెంట వస్తుంది, అడ్డంగా వేరే బీమ్‌లు తగులుతాయి. లక్ష్యానికి 20 కిలోమీటర్ల దూరంలో ఒకటి తగలగానే గడియారం మొదలు, 5 కిలోమీటర్ల దూరంలో ఇంకోటి తగలగానే మొదటి ముల్లు ఆగిపోయి రెండో ముల్లు బయల్దేరుతుంది. మధ్యలో 15 కిలోమీటర్లు, మిగిలింది 5. కాబట్టి రెండో ముల్లు మూడు రెట్ల వేగంతో పరిగెడుతుంది. రెండు ముళ్ళూ కలిసిన క్షణాన బాంబులు వాటంతటవే పడతాయి. గాలి ఎటు వీచినా, అసలు వేగం ఎంతున్నా ఆ లెక్క గడియారమే చేసేసుకుంటుంది. చంపడానికి తయారుచేసిన యంత్రాన్ని మెచ్చుకోవడం ఎలాగా అని మొదటిసారి చదివినప్పుడు ఇబ్బంది పడ్డాను. ఇప్పటికీ పడతాను.

దీన్ని జామ్ చేయడానికి బ్రిటిష్‌వాళ్ళు పంపిన మోత సెకనుకు 1500 సైకిళ్ళలో (కంపనాల్లో) ఉంది. జర్మన్ రిసీవర్ ఫిల్టర్ 2000 దగ్గర సన్నగా తెరుచుకుంటుంది. దాంతో జామింగ్ లోపలికే పోలేదు. బ్రిడ్‌పోర్ట్ దగ్గర సముద్రపు ఒడ్డున దిగిన ఒక హైన్‌కెల్ విషయంలో సైన్యం, నౌకాదళం నాదంటే నాదని గొడవపడ్డాయి. ఈలోగా దానిలోకి నీళ్ళెక్కాయి. ఆ తుప్పు సామానులోంచే ఆ 2000 బయటపడింది. అప్పటికి 1940 నవంబరు 14న ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నగరం తగలబడిపోయింది. ఒక్క ఫిల్టర్ విలువ తప్పు కొలవడమంటే ఏంటో మా పనిలో తెలుసు. కానీ మా తప్పుకు సరుకు వెనక్కొస్తుంది, అంతే. కోవెంట్రీ సంగతి ముందే తెలిసి చర్చిల్ వదిలేశాడన్న పుకారును జోన్స్ గట్టిగా ఖండిస్తాడు. ఆ సాయంత్రం దాడి ఎక్కడ జరుగుతుందో తెలియకుండానే ఇంటికి వెళ్ళానంటాడు. ఆయన మాట నేను నమ్ముతాను. తమవాళ్ళ తప్పును ఇంత వివరంగా రాసినవాడు అక్కడ మాత్రం ఎందుకు దాస్తాడు?

బ్రూనెవాల్ దాడి అధ్యాయం అందరికీ నచ్చుతుంది. 1942 ఫిబ్రవరి చివర్లో పారాచూట్ దళం ఫ్రాన్స్ తీరంలో దిగి వుర్ట్స్‌బుర్గ్ రాడార్ భాగాలు ఊడదీసుకొచ్చిన కథ. నాకు మాత్రం దాడి కంటే తర్వాత జరిగిన పరిశీలన ఇష్టం. ప్లేట్ల మీది సీరియల్ నంబర్లు చూసి ఉత్పత్తి ఎంతుందో అంచనా కట్టారు. పట్టుబడ్డ జర్మన్ ఆపరేటర్‌కు తన రాడార్ గురించి పెద్దగా తెలియదు. అలాంటివాడి చేతిలో కూడా సరిగ్గా పనిచేసేలా దాన్ని కట్టారని అర్థం. మరమ్మతు తేలికగా అయ్యేలా డబ్బాలు డబ్బాలుగా విడదీయొచ్చు. ఆపరేటర్ తెలివిని నమ్ముకుని పరికరం డిజైన్ చేసేవాళ్ళు ఈ నాలుగు పేజీలు చదివితే చాలు.

రాకెట్ల భాగం మాత్రం సాగుతుంది, కమిటీల గోల ఎక్కువ. అందులోనూ ఒక రత్నం ఉంది. ఘన ఇంధనమే వాడి ఉంటారన్న ఊహతో నిపుణులు వి-2 అనే జర్మన్ రాకెట్ బరువు 80 టన్నుల దాకా ఉంటుందని లెక్కలు కట్టారు. అసలుది 12, 13 టన్నులే, తలలో పేలుడు పదార్థం సుమారు ఒక టన్ను. మొదటి ఊహ తప్పితే లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా ఇంతే. రాడార్‌ను గుడ్డిది చేసే అల్యూమినియం రేకుల సంగతీ బాగుంటుంది. 1943 జూలైలో హాంబర్గ్ మీద తొలిసారి చల్లారు, 791 విమానాల్లో 12 మాత్రమే పోయాయి. శత్రువు నేర్చుకుంటాడన్న భయంతో అంతకుముందు ఏడాదికి పైగా దాన్ని దాచిపెట్టారు. జర్మన్లకూ అది తెలుసు, వాళ్ళూ అదే భయంతో దాచుకున్నారు!

ఇక ఫిర్యాదులు. ‘నేను’ అన్న మాట ఎక్కువ. తనతో విభేదించినవాళ్ళకు పేజీకో చురక అంటిస్తాడు. అవతలివాళ్ళ మాట వినాలంటే మనం వేరే పుస్తకాలు వెతుక్కోవాలి. సంక్షిప్త నామాలు వందల కొద్దీ ఉన్నాయి, నేను అట్ట లోపల ఒక పట్టిక రాసుకున్నాను. నా ప్రతిలో ఫొటోలు మసిబొగ్గుల్లా ఉన్నాయి. వుర్ట్స్‌బుర్గ్ గిన్నె ఏదో, కొండరాయి ఏదో తెలీదు. 1939లో బ్రిటిష్‌వాళ్ళకు అజ్ఞాతంగా అందిన ఓస్లో రిపోర్టు ఎవరు రాశారో ఈ పుస్తకంలో చెప్పడు. ఆ పేరు హాన్స్ ఫెర్డినాండ్ మేయర్ అని 1989లో వచ్చిన మరో పుస్తకంలో బయటపెట్టాడు.

రెండో పుస్తకం అందరికీ కాదు. గణితం ఉంది, కొన్నిచోట్ల చెప్పిందే చెబుతాడు. కానీ సమాంతర స్ప్రింగుల మీద రాసినది నా చేతిపని మార్చేసింది. రెండు పలచటి ఉక్కు పట్టీల మీద బల్ల నిలబెడితే రాపిడి ఉండదు, బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు వచ్చే వదులు) ఉండదు, కదలిక సమాంతరంగా ఉంటుంది. కొద్దిగా కిందికి దిగుతుంది. ఇంకో జత తలకిందులుగా కలిపితే ఆ దిగుడు కూడా పోతుంది. గైడు, బేరింగు ఏవీ అక్కర్లేదు.

ఇలాంటి పరికరాల వెనక ఉన్న అసలు సూత్రం మన ఇంట్లోనే ఉంది. ముక్కాలిపీట ఎక్కడ వేసినా ఊగదు. నాలుగు కాళ్ళ కుర్చీ కింద కాగితం ముక్క పెట్టాల్సిందే. మా దగ్గర కొలిచే వస్తువును పట్టి ఉంచే ఒక ఫిక్స్చర్ పొద్దున ఒక రీడింగు, సాయంత్రం ఒక రీడింగు ఇచ్చేది. ఎండ అన్నాం, ఏసీ అన్నాం, ఆపరేటర్‌ను తిట్టాం. దానికి నాలుగు కాళ్ళు. ఒక కాలు తీసేసి, మిగతా మూడింటికి బేరింగ్ గోళీలు పెట్టి, కింద ఒకచోట శంకువు గుంట, ఒకచోట వీ ఆకారపు గాడి, ఒకచోట చదును పలక అమర్చాను. గుంట మూడు కదలికల్ని ఆపుతుంది, గాడి రెండు, పలక ఒకటి. ఏ వస్తువైనా కదలగలిగేది ఆరు రకాలుగానే; ఆ ఆరూ ఆగాయి, అంతకు మించి ఒక్కటి కూడా బిగించలేదు. తీసి పెట్టినా మళ్ళీ అదే చోట కూర్చుంటుంది. తిట్టు తిన్న ఆపరేటర్‌కు సారీ చెప్పాను. “మూడు కాళ్ళ సంగతి ముందే చెప్పుంటే నేను తిట్లు తినేవాణ్ణి కాదు కదా సార్,” అన్నాడు.

కొనేవాళ్ళకు: ముందు యుద్ధం పుస్తకం, ఫొటోలు స్పష్టంగా ఉన్న గట్టి అట్ట ప్రతి దొరికితే అదే. రెండోది కొనాలంటే జేబు చూసుకోండి, లేదా లైబ్రరీలో స్ప్రింగుల వ్యాసం చదివి చూడండి. నా మొదటి పుస్తకం ప్రస్తుతం మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి దగ్గరుంది. బ్రూనెవాల్ దాకా వచ్చిందట. రెండోది కూడా అడుగుతోంది. ముందు ఆ లోరెంజ్ రిసీవర్ పేజీకి టేపు అంటించి ఇవ్వమన్నాను.