సిటీ ఐ-వీటెక్‌లో మోతుల్ 8100 ఎక్స్-సెస్ 5డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్: రెండేళ్లు వాడాక రాస్తున్నాను

మాది పాలకొల్లు. కారు మూడో తరం హోండా సిటీ 1.5 ఐ-వీటెక్, మాన్యువల్ గేరు. స్పోర్ట్స్ కారుగా అమ్మిన బండి కాదు గానీ దీని 118 పీఎస్ పవరు మొత్తం 6,600 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) దగ్గరే ఉంది, 146 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) కూడా 4,800కి వెళ్తే తప్ప పూర్తిగా రాదు. అందుకని ఈ ఇంజిను సంగతి తెలియాలంటే లాగాల్సిందే. సిద్ధాంతం వంతెన దాటాక రావులపాలెం వైపు హైవే ఖాళీగా దొరికిన తెల్లవారుజామున, రెండో గేరులో ముల్లు ఐదు వేలు దాటుతుంటే వచ్చే ఆ శబ్దం కోసమే ఇన్నేళ్లయినా ఈ కారు అమ్మలేదు.

ఆ శబ్దం వెనక ఏం జరుగుతోందో ఒకసారి లెక్క వేసుకున్నాను. ఈ ఇంజిను స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 89.4 మిల్లీమీటర్లు. 6,600 ఆర్‌పీఎం అంటే క్రాంకు సెకనుకి 110 చుట్లు తిరగాలి, ప్రతి చుట్టుకీ పిస్టన్ ఒకసారి పైకి ఒకసారి కిందికి, అంటే సగటున సెకనుకి దాదాపు 20 మీటర్లు పరిగెడుతుంది. లోహానికీ లోహానికీ మధ్య ఆ సమయంలో ఉన్నది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. పైగా వీటెక్ (ఇంజిను వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) మారడం కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే, వాల్వులని నొక్కే రాకర్ ఆర్మ్‌లలో ఉన్న చిన్న పిన్నుని తోసేది అదే. ఆ దారిలో ఒక సన్నటి జాలీ ఉంటుంది, మడ్డి పట్టిందంటే పైన వచ్చే ఊపు పోతుంది. ఇది తెలిశాక చౌక ఆయిల్ పోయించడానికి నాకు చెయ్యి రాలేదు.

కారు కొన్న కొత్తలో తెలియక ఒక షాపులో డ్రమ్ములోంచి కొలిచి పోసిన ఆయిల్ వేయించుకున్నాను. గ్రేడు (ఆయిల్ చిక్కదనం చెప్పే అంకె) అడిగితే 20డబ్ల్యూ-50 అన్నారు, మన ఎండలకి చిక్కగా ఉంటేనే మంచిదన్నారు. చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతారు, అందుకే వివరంగా రాస్తున్నాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లపాటు పైనుంచి టకటకమని చప్పుడు వచ్చేది. మూడు వేలు దాటితే ఇంజిను బరువుగా తిరుగుతున్నట్టు కాలికే తెలిసేది. నాలుగు నెలలకి ఆయిల్ మూత తిప్పి చూస్తే అడుగున వెన్నలాంటిది పేరుకుని ఉంది. ముందు హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను.

తణుకులో ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్తే అక్కడి మేస్త్రి గారు కూలెంట్ తగ్గలేదని చూపించి, "మీరు రోజూ చెరువు దాకా వెళ్లి వచ్చేస్తారు కదండీ, బండి వేడెక్కకుండానే కట్టేస్తున్నారు, ఆ తడి ఎక్కడికి పోద్దండి?" అన్నారు. నిజమే. రొయ్యల చెరువు ఇంటికి మూడు కిలోమీటర్లు. కాలవ గట్ల మధ్య బతుకుతున్నాం, గాలిలోనే తేమ. ఇంజిను లోపల పెట్రోలు కాలినప్పుడు కూడా నీరు పుడుతుంది, ఆయిల్ బాగా కాగితే అది ఆవిరై పోతుంది, కాగకపోతే ఆయిల్‌లోనే కలుస్తుంది. అందుకే మన దగ్గర కిలోమీటర్లు కాకపోయినా నెలలు చూసి ఆయిల్ మార్చాలి. నేను ఆరు వేల కిలోమీటర్లు లేదా ఎనిమిది నెలలు, ఏది ముందైతే అది అని పెట్టుకున్నాను. వారానికోసారి రాజమండ్రి రోడ్డు మీద అరగంట తగ్గకుండా నడుపుతున్నాను.

ఇక గ్రేడు. 5డబ్ల్యూ-40లో ముందున్న 5డబ్ల్యూ అన్నది చలికి సంబంధించిన అంకె, మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. వెనకున్న 40 వేడిలో చిక్కదనానిది. మన డెల్టాలో సంక్రాంతి మంచులో కూడా దాని అవసరం పూర్తిగా పడదు, కాకపోతే స్టార్ట్ చేయగానే ఆయిల్ తొందరగా పైకి చేరుతుంది, ఆ మేరకు లాభమే. వేగంగా తిరిగే ఇంజినుకి అసలు చూడాల్సింది 150 డిగ్రీల వేడిలో, భాగాల మధ్య వేగంగా నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందన్నది. ఆ కొలతని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 20 గ్రేడుకి కనీసం 2.6 ఉండాలి, 30 గ్రేడుకి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5. డబ్బా మీద ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ప్రమాణం ఏ3/బీ4 అని ఉంటే ఆ 3.5 తగ్గదని అర్థం. ఇంజినులో నలిగి నలిగి పల్చబడ్డాక కూడా తన గ్రేడులోనే ఉండాలన్న షరతు కూడా ఆ ప్రమాణంలో ఉంది. అంటే చిక్కదనం కావాలంటే 20డబ్ల్యూ-50 దాకా వెళ్లక్కర్లేదు.

మోతుల్ 8100 ఎక్స్-సెస్ తీసుకున్నది అందుకే. ఏ3/బీ4తోపాటు మెర్సిడెస్ 229.5, పోర్షే ఏ40 ఆమోదాలు దీనికి ఉన్నాయి. నా సిటీకి పోర్షే ఆమోదంతో పని లేదు గానీ, అంత కఠిన పరీక్షకి నిలబడిందన్న భరోసా నాకు ముఖ్యం. ఫిల్టరుతో కలిపి 3.6 లీటర్లు పడుతుంది, లీటరు డబ్బాలు నాలుగు కొంటే మిగిలింది డిక్కీలో ఉంచుకోవచ్చు.

మార్చిన రోజే పొద్దున చప్పుడు పోయింది. నాలుగు వేల పైన ఇంజిను తేలిగ్గా, నున్నగా తిరుగుతోంది. రోహిణి కార్తెలో ఏసీ వేసుకుని రాజమండ్రి దాకా గట్టిగా నడిపినా గేజీ మీద ఆయిల్ మట్టం వెంట్రుకవాసి తగ్గలేదు. ఆరు వేల కిలోమీటర్లకి తీసినప్పుడు నల్లగా ఉంది, కానీ వేళ్ల మధ్య రాస్తే జిగురు ఇంకా ఉంది. (నల్లబడటం చెడు కాదండి, మడ్డిని కడిగి తనలో పట్టుకుంటోందని గుర్తు.) మూత కింద ఇప్పుడు శుభ్రం. మైలేజీ మాత్రం 30 గ్రేడుతో పోలిస్తే కొంచెం తక్కువే వస్తుంది, అది ఏ కంపెనీ 40 గ్రేడుకైనా ఉన్నదే. ధర కూడా మామూలు ఆయిల్ కంటే బాగా ఎక్కువ.

మా తమ్ముడు మోతుల్ వాళ్లదే 300వీ పోయమని గొడవ చేశాడు. 1971లో వచ్చిన పేరున్న రేసు ఆయిల్ అది, రేసుకి వెళ్లేవాళ్లకి సరే. చెరువుకి మూడు కిలోమీటర్లు తిరిగే కారులో ఎనిమిది నెలలు ఉంచడానికి కాదని వద్దన్నాను.

ఊళ్లో నెమ్మదిగా తిరిగే వాళ్లు 5డబ్ల్యూ-30 వేసుకోండి, చాలు. వారంటీలో ఉన్న కొత్త బండికి మాన్యువల్లో 0డబ్ల్యూ-20 రాసి ఉంటే అదే పోయించండి, ఆ ఇంజినులో పంపూ బేరింగుల సందులూ దానికి తగ్గట్టే చేశారు. టర్బో ఉన్న స్కోడా, వోక్స్‌వ్యాగన్ బళ్లకి గ్రేడు కంటే ముందు మాన్యువల్లో రాసిన 502 లేదా 504 లాంటి కంపెనీ ఆమోదం నంబరు డబ్బా మీద ఉందో లేదో చూడండి.

తణుకులోని ఆ షెడ్డు గురించి కూడా చెప్పాలి. ఆయిల్ డబ్బా సీలు మన ముందే తెంపుతారు. పాత ఆయిల్ ఇంజిను వేడిగా ఉండగానే, చుక్క ఆగేదాకా వదులుతారు. డ్రెయిన్ బోల్టుకి ప్రతిసారీ కొత్త వాషరు వేస్తారు. ఖాళీ డబ్బాలకి మేకుతో కన్నం పెట్టి మరీ ఇస్తారు, వాటిని కొని నకిలీది నింపేవాళ్లు ఉన్నారట. గంటన్నర కూర్చోవాలి, అయినా నాకు అభ్యంతరం లేదు. బయల్దేరేటప్పుడు మేస్త్రి గారు చెప్పిన మాట ఇప్పటికీ పాటిస్తున్నాను: "నీలం లైటు ఆరింది కదాని తొక్కెయ్యకండి. అది నీళ్ల వేడండి. ఆయిల్ కాగడానికి ఇంకో పది నిమిషాలు పడద్ది." పాలకొల్లు నుంచి హైవే ఎక్కేదాకా ఇప్పుడు మూడు వేలు దాటనివ్వను.