249 గ్రాముల డ్రోను, ఐదేళ్ల సంజాయిషీలు

2021 సంక్రాంతికి కొన్న మడత డ్రోనును దాదాపు ఐదేళ్లుగా అమలాపురం చుట్టుపక్కల కాలువల మీద, లంకల మీద, కొబ్బరితోటల మీద సరదాకే ఎగరేస్తున్నాను. దాని బరువు 249 గ్రాములు, అంటే మా ఇంట్లో పావుకిలో టీపొడి పొట్లం కంటే ఒక గ్రాము తక్కువ. యంత్రం పనితనం మీద సమీక్షలు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఆ సంగతి క్లుప్తంగా ముగిస్తాను. పన్నెండు మెగాపిక్సెళ్ల ఫొటోలు పగటి వెలుగులో నేటికీ ముచ్చటగా వస్తాయి, సంధ్య దాటితే మసకబారతాయి. పెట్టె మీద 31 నిమిషాలని రాసిన బ్యాటరీ కొత్తలో పాతిక నిమిషాలు నిలిచేది, ఇప్పుడు పద్దెనిమిది దాటడం లేదు. మూడింటిలో ఒకటి ఉబ్బితే పక్కన పెట్టేశాను. 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది. విడిభాగాలకు ఆ నిషేధం లేకపోయినా నా మోడలుకు కొత్త బ్యాటరీ దొరకడం గగనమైంది.

నేను రాయదలచుకున్నది దాన్ని పైకి లేపినప్పుడు కింద ఉన్న మనుషుల సంగతి. ఎవరైనా వచ్చి డ్రోను కొనుక్కోమంటారా అని అడిగితే, ఒక్కో సాయంత్రం ఎంతమందికి సంజాయిషీ చెప్పుకునే ఓపిక ఉందో ముందు చూసుకోమంటాను.

కొన్న మొదటి ఏడాది నాకు అర్థం కాని విషయం ఒకటుంది. మెడలో పెద్ద కెమెరా వేసుకుని ఊళ్లోకి వెళితే పిల్లలు చుట్టూ మూగుతారు, పెద్దలు మాకూ ఒకటి తియ్యండని నిలబడతారు. అదే మనిషి అదే ఊరి చివర నిలబడి డ్రోను ఎగరేస్తే ముఖాలు ముడుచుకుంటాయి. కెమెరా పట్టుకున్నవాడు ఎదురుగా కనిపిస్తాడు, ఎటు చూస్తున్నాడో తెలుస్తుంది, వద్దంటే దించుతాడు. డ్రోను విషయంలో కన్ను ఒకచోట, మనిషి మరొకచోట ఉంటారు కనుక వద్దని ఎవరితో చెప్పాలో కిందివాళ్లకు తెలియదు. తెలియనప్పుడు ఆ కన్ను ఎవరిదై ఉంటుందో ఎవరికి వాళ్లు ఊహించుకుంటారు, ఆ ఊహ కూడా ఊరికే పుట్టింది కాదు. మా ప్రాంతంలో జనానికి డ్రోను ముందుగా పరిచయమైంది పెళ్లి వీడియోల్లో అయినా, భయం పుట్టించింది మాత్రం 2020 లాక్‌డౌన్‌లో తోటల్లోనూ చెరువుగట్ల మీదా గుమిగూడినవాళ్లను తరిమిన పోలీసు డ్రోన్లే. తర్వాత భూముల రీసర్వేకు వచ్చినవీ డ్రోన్లే, ఈ మధ్య పేకాట శిబిరాలను, బహిరంగంగా మద్యం తాగేవాళ్లను పట్టుకోవడానికి తిరుగుతున్నవీ అవే.

అందుకే 2025 సంక్రాంతి సెలవుల్లో ఒక కొబ్బరితోట అంచున నాకు ఎదురైనదాన్ని ఇప్పుడు తప్పుపట్టలేను. కాలువగట్టు మీద నిలబడి తోట పైనుంచి ఆకుల వరుసలు తీస్తుండగా రెండు మోటారు సైకిళ్ల మీద అయిదుగురు వచ్చి చుట్టూ నిలబడ్డారు. "ఎవరు పంపేరు నిన్ను?" అని మొదటివాడు అడిగాడు, రెండోవాడు రిమోటు లాక్కుని బటన్లన్నీ నొక్కి చివరికి ఆపేశాడు. రిమోటుతో సంబంధం తెగిపోతే ఈ యంత్రం కాసేపు ఆగి, కొంత ఎత్తుకు లేచి, బయలుదేరిన చోటికే తిరిగివచ్చి దిగుతుంది. ఎవరూ నడపకుండానే అది మా మధ్యకు దిగుతుంటే వాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. కార్డు తీసి ఫోన్లో పెట్టి చూపించాను, అన్నీ కొబ్బరాకులే. ఆ గుంపులో ఒకాయన అబ్బాయి మా బడిలో చదువుకున్నాడట, అప్పటికి గుర్తుపట్టి "మేస్టారు, ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు. అయినా ఫొటోలు తుడిచేయమన్నారు, తుడిచేశాను. తోటలో ఏం జరుగుతోందో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

రీసర్వే భయం దీనికి భిన్నమైనది, దానిలో కోపం కంటే ఆశ ఎక్కువ. ఒక పెద్దాయన పాసుపుస్తకం పంచెలో దోపుకుని అర కిలోమీటరు నడిచి వచ్చి, తన చేను రెండు సెంట్లు తగ్గించి చూపారు కాబట్టి మళ్లీ కొలవమన్నాడు. నేను సర్వే ఉద్యోగిని కాదని, ఈ యంత్రంతో సెంట్లు కొలవడం నాకు చేతకాదని ఎంత చెప్పినా నమ్మలేదు. "ఆఫీసరు కాకపోతే ఈ మిషను మీకెవరిచ్చారండీ?" అని అడిగాడు. నా డబ్బుతో కొనుక్కున్నానంటే, అంత ధర పెట్టి ఆకాశంలోంచి చేలు చూసుకోవడం దేనికన్న అనుమానం ఆయనకు మరింత పెరిగింది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు.

ఇక్కడిదాకా వచ్చినవి నా తప్పేమీ లేకుండా వచ్చిన అపార్థాలు. నాదే తప్పయిన సందర్భాన్ని దాచి సమీక్ష రాస్తే అది అబద్ధమవుతుంది.

కొన్న సంవత్సరమే ధనుర్మాసంలో, పొగమంచు కాలువ మీద పరుచుకున్న ఒక తెల్లవారుజామున, నీటికి పదిహేను ఇరవై మీటర్ల ఎత్తులో కాలువ వెంబడే డ్రోనును పంపాను. ఫోన్ తెర మీద నాకు మంచు, కొబ్బరినీడలు మాత్రమే కనిపించాయి. మలుపు దాటాక రేవు వచ్చింది. అక్కడ ఆడవాళ్లు స్నానాలు చేస్తున్నారని, వాళ్లు కేకలు వేశారని, ఒకామె బిందె విసిరిందని నాకు మర్నాటి దాకా తెలియదు, ఎందుకంటే నేను మూడువందల మీటర్ల అవతల ఉన్నాను, ఆ కేకలు నాకు వినబడలేదు. రాత్రి ల్యాప్‌టాప్‌లో వీడియో చూస్తే చిన్న తెర మీద మంచులా కనిపించిన చోట మనుషులున్నారు. అందులో ఇద్దరిని నేను గుర్తుపట్టగలిగాను.

వీడియో తుడిచేసి, మర్నాడు నా భార్యను వెంటబెట్టుకుని ఆ రేవు దగ్గరి ఇళ్లకు వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. తిట్లు తిన్నాను, అది న్యాయమే. వాళ్లలో పెద్దావిడ తిట్టలేదు. తన పెరట్లోకి తీసుకెళ్లి తాటాకు దడి కట్టిన స్నానాల గదిని చూపించింది, దానికి పైకప్పు లేదు. "ఈ దడి మనుషులకు కట్టుకున్నాం బాబూ, కాకులకు కట్టలేదు. ఇప్పుడు కాకికీ కళ్లొచ్చాయంటే మేమెక్కడికి పోవాలి?" అంది. మా ఊళ్లలో పెరడు, దడి, ప్రహరీ, వెనకవైపు నుయ్యి అన్నీ నేల మీద నడిచే కంటిని దృష్టిలో పెట్టుకుని కట్టినవేనన్నది అప్పటిదాకా నాకు తట్టలేదు. పట్నంలో పైకప్పు కింద బతికేవాళ్లు రాసే డ్రోను సూచనల్లో ఈ ముక్క నాకెక్కడా కనిపించలేదు.

లెక్కలు చెప్పుకునేవాణ్ణి కనుక తర్వాతి ఆదివారం బడి మైదానంలో ఎత్తు మార్చి మార్చి ఫొటోలు తీసి కొలుచుకున్నాను. వంద మీటర్ల ఎత్తు నుంచి సూటిగా కిందికి తీస్తే ఫొటో వెడల్పులో దాదాపు 140 మీటర్ల నేల పడుతుంది. దాన్ని ఫొటో వెడల్పులోని నాలుగువేల చుక్కలకు, అంటే పిక్సెళ్లకు, పంచితే ఒక్కో చుక్కకు మూడున్నర సెంటీమీటర్లు, అంటే మనిషి ముఖం నాలుగైదు చుక్కలు. ఆ ఫొటోలో మా అటెండరును నేనే గుర్తుపట్టలేకపోయాను. ఇరవై మీటర్లకు దిగితే ముఖానికి ఇరవై చుక్కలు వస్తాయి, తెలిసినవాళ్లు నడకను బట్టి, చీర రంగును బట్టి పోల్చుకుంటారు. పది మీటర్లకు దిగితే ఎవరికైనా ఎవరో తెలిసిపోతుంది. డ్రోను పైనుంచి అందరినీ చూసేస్తుందన్న జనం భయం వంద మీటర్ల దగ్గర తప్పు, పది మీటర్ల దగ్గర అక్షరాలా ఒప్పు. నాలాంటి అభిరుచిదారులు వాదనకు దిగినప్పుడు మొదటి సగాన్నే చెబుతారు, నేనూ ఏడాది పాటు అదే చెప్పాను.

చట్టం వైపు నుంచి చూస్తే నా పరిస్థితి ఆశ్చర్యపోయేంత సుఖంగా ఉంది. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోను నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో తరగతి, వాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ గగనతల పటంలో ఆకుపచ్చ రంగున్న చోట 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల వరకు, ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయవచ్చు. ఆ నిబంధనలు బరువు గురించి, ఎత్తు గురించి, విమానాశ్రయానికి ఎంత దూరమన్న దాని గురించి వివరంగా మాట్లాడతాయి, పెరటి గురించి మాట్లాడవు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆంతరంగిక స్థితిలో ఉన్న స్త్రీని చాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది గానీ, ఒక వ్యక్తి తన సొంత అవసరానికో ఇంటి అవసరానికో వాడుకునే సమాచారానికి అది వర్తించదు. ఈ ఖాళీలన్నీ కలిపి చూస్తే, ఆ రోజు రేవు మీద నేను బుద్ధిపూర్వకంగా చేయలేదు కనుక ఏ సెక్షన్‌కూ దొరక్కపోవచ్చు, కానీ ఆ పెద్దావిడ దృష్టిలో నేను దొంగనే. పోలీసు స్టేషన్లో అడిగితే పటంలో ఆకుపచ్చ రంగు చూపించవచ్చు, ఆమె పెరట్లో అది పనికిరాదు.

2022 జులైలో మాత్రం ఈ వ్యవహారమంతా తలకిందులైంది. ఆ నెల 16న భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రంలోకి వదిలారు, మా లంక గ్రామాలు నీళ్లలో నిలబడ్డాయి. అప్పుడు డ్రోను మేస్టారు ఎక్కడని వెతుక్కుంటూ జనమే వచ్చారు. ఏటిగట్టు మీద నా చుట్టూ ముప్ఫైమంది నిలబడి, చిన్న తెరలో ఎవరి పాక మిగిలిందో, ఎవరి గేదెలు మెరక మీదికి చేరాయో ఒకరినొకరు నెట్టుకుంటూ చూసుకున్నారు. ఇళ్ల మీదికి, పెరళ్ల మీదికి ఇంకా కిందికి దించమని వాళ్లే అడిగారు. వానలో ఈ యంత్రం ఎగరదు కాబట్టి జల్లు ఆగినప్పుడల్లా పది నిమిషాల చొప్పున లేపాను. గాలి హెచ్చరిక తెర మీద ఎర్రగా వెలుగుతూనే ఉంది, ఒకసారి తిరిగి వస్తుందన్న నమ్మకం పోయింది కూడా. ఆ రెండు రోజులు ఒక్కరూ గోప్యత మాట ఎత్తలేదు, ఎందుకంటే తెర వాళ్ల ముందే ఉంది, ఏం చూడాలో వాళ్లే చెబుతున్నారు.

ఆ అనుభవం నుంచే నా పద్ధతి మారింది. లేపే ముందు దగ్గర్లోని రెండు మూడు ఇళ్లకు వెళ్లి చెబుతాను, ఎవరైనా వద్దంటే ఎందుకని అడగకుండా ఇంకోచోటికి వెళతాను. ఇళ్ల మీద అరవై మీటర్ల కంటే కిందికి దిగను. దాక్కున్నట్టు గట్టు వెనక కాకుండా అందరికీ కనిపించే చోట, వీలైతే బస్సు ఆగే చోట, నిలబడతాను. ఎవరొచ్చినా మొదట రిమోటు వాళ్లవైపు తిప్పి తెర చూపిస్తాను, సగం గొడవలు అక్కడే సమసిపోతాయి. కొందరు సలహా ఇచ్చారని ఒకసారి మెరిసే పసుపుపచ్చ జాకెట్ వేసుకున్నాను. అందరూ నన్ను ప్రభుత్వోద్యోగి అనుకుని భయంతో నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు, అది నాకు తిట్ల కంటే సిగ్గుగా అనిపించి మానేశాను.

ఈ పద్ధతులన్నీ పల్లెలోనే పనిచేస్తాయి. హైదరాబాదులో మా తమ్ముడి అపార్ట్‌మెంట్ మేడ మీద ఒకే ఒక్కసారి లేపాను, అయిదు నిమిషాల్లో వాచ్‌మన్, పది నిమిషాల్లో సంఘం కార్యదర్శి వచ్చారు. నేలకు నలభై మీటర్ల ఎత్తులో ఉన్నా ఎదుటి భవనం పదో అంతస్తు బాల్కనీకి అది పన్నెండు మీటర్ల దూరమే కాబట్టి వాళ్ల కోపం నా లెక్క ప్రకారమే సబబు. అక్కడ మళ్లీ ప్రయత్నించలేదు. 2025 మేలో సరిహద్దుల్లో డ్రోన్ల దాడుల వార్తలు రోజంతా టీవీల్లో వచ్చాక మా ఊళ్లోనూ ఎవరో నా మీద ఫోన్ చేశారు. వచ్చిన కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడి, కొన్నాళ్లు పెట్టెలో పెట్టమన్నాడు. ఆ వేసవి మొత్తం అది బీరువాలోనే ఉంది.

ఇప్పుడు కొనవచ్చా అంటే, ఊళ్లో నలుగురూ మిమ్మల్ని ఎరిగినవాళ్లయి, ఆగమంటే ఆగే స్వభావం ఉంటే కొనండి, లేకపోతే అదే డబ్బుకు మంచి లెన్సు వస్తుంది. నా సొంత నియమాల్లో నాకు బాగా నష్టం చేసింది ఒకటుంది. తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది దాకా ఏ కాలువ మీదా ఎగరేయను. కోనసీమలో పొగమంచు నీటి మీద నిలిచే సమయం అదొక్కటే, అందువల్ల ఈ ఐదేళ్లలో నేను ఎక్కువగా కోరుకున్న ఆ ఫొటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు.