వసంతంలో మంచు చరియల ముప్పు: బులెటినా, గొయ్యా, రాత్రి గడ్డకట్టిన పొరా?

వసంతం రాగానే బ్యాక్‌కంట్రీ స్కీయింగ్‌కి, అంటే రిసార్టుల బయటి కొండల్లో స్కీయింగ్‌కి, వెళ్లేవాళ్లు అడిగేది ఒకటే. మంచు చరియల ముప్పు చెప్పే బులెటిన్ చూసుకుంటే చాలదా? మంచులో గొయ్యి తవ్వి పరీక్షించాలా? పొద్దున్నే పొర గట్టిగా ఉంటే బయల్దేరొచ్చా? మూడూ చేస్తే పేచీయే లేదు. ఎక్కువ నమ్మకం దేనిమీద అంటే మాత్రం నా ఓటు పొరకే.

అలాగని బులెటిన్‌ని తీసిపారేయలేం. 1 నుంచి 5 దాకా ఉండే ప్రమాద స్థాయిని ఈ కాలంలో చాలాచోట్ల ఉదయానికొకటి, మధ్యాహ్నానికొకటి ఇస్తారు. ఉదయం అంకె చూసి ‘2 కదా’ అనుకుని రెండోది చదవనివాళ్లే ఎక్కువ. పైగా అది ప్రాంతం మొత్తానికి చెప్పే మాట, మీరు దిగబోయే వాలు గురించి కాదు.

గొయ్యి తవ్వి, మంచు స్తంభం కోసి, పైన పార పెట్టి తట్టే పరీక్షలు పొడి మంచులో దాగిన బలహీన పొర కోసం పుట్టినవి. తడి మంచు తీరు వేరు. నీరు దిగేకొద్దీ రేణువుల మధ్య పట్టు సడలుతుంది, ఏడింటి ఫలితం పదకొండింటికి పనికిరాదు. కొత్త మంచు పడినప్పుడు తవ్వండి. లేకపోతే తవ్వడానికి పట్టే ఆ అరగంట ముందే కిందికి దిగండి.

ఇక పొర. ఇక్కడ అందరూ గాలి ఉష్ణోగ్రతే చూస్తారు, నేను ముందు ఆకాశం చూస్తాను. మబ్బు లేని పొడి రాత్రి మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది కాబట్టి, గాలి సున్నాకి రెండు డిగ్రీలు పైన ఉన్నా ఉపరితలం గడ్డకట్టగలదు. మబ్బు కమ్మితే సున్నా దగ్గర కూడా మెత్తగానే ఉండిపోవచ్చు. గడ్డకట్టింది సరే, ఎంత మందం? స్కీలు విప్పి బూట్లతో నిలబడండి. బరువు ఆగితే ముందుకెళ్లొచ్చు. పొర పెళుక్కున విరిగి, కాలు పిక్క దాకా తడి మంచులో దిగబడితే, టైమ్ ఉదయం ఆరే అయినా వెనక్కి తిరగండి. రెండు మూడు రాత్రులు వరసగా గడ్డకట్టకపోతే అసలు బయల్దేరకపోవడమే మంచిది.

పొర గట్టిగా ఉన్నా అది ఉదయానికే. ఉత్తరార్ధగోళంలో ఎండ ముందు తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, చివరికి పడమరను మెత్తబరుస్తుంది. పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడ్డప్పుడు దిగితే హాయి. మంచు ఉండలు చుట్టలు చుట్టుకుంటూ వాటంతటవే దొర్లుతున్నాయంటే ఆలస్యమైనట్టే.

వాలు కోణం చూపించే యాప్‌లు వాడండి, కానీ 30 డిగ్రీలలోపు చోటని నిశ్చింతగా ఉండకుండా పైన నిటారు వాలు ఉందేమో చూసుకోండి. నేలమీద మొత్తం మంచే జారడంతో నోళ్లు తెరుచుకున్న పగుళ్ల దగ్గర మాత్రం నా పొర పరీక్ష కూడా పనిచేయదు. అక్కడి మంచు చల్లటి రాత్రి కూడా ఊడిపడగలదు, కింద ఆగొద్దు.