ఎంత లోతుకు పోతే అంత ఖర్చు: ఇంగ్లీషులో ది–ది మేలా, యాజ్ మేలా?

నల్లగొండ, పాలమూరు పిల్లలు పోటీ పరీక్షలకు కూర్చున్నప్పుడల్లా అడిగే ప్రశ్నే ఇది. బోరు సంగతే తీసుకుందాం. "ది డీపర్ ది బోర్‌వెల్ ఈజ్, ది మోర్ ఇట్ కాస్ట్స్" అనొచ్చు. "యాజ్ ది బోర్‌వెల్ గోస్ డీపర్, ఇట్ కాస్ట్స్ మోర్" అనీ అనొచ్చు. రెండూ ఒప్పే.

తేడా అంతా మాటల వరుసలో ఉంది. ది–దిలో రెండు సగాల్లోనూ కంపారిటివ్ (డీపర్, మోర్ లాంటి పోలిక మాట) ముందుకు రావాలి, తనకు అంటుకున్న మాటను వెంట తెచ్చుకోవాలి. మనవాళ్లు జారేది ఇక్కడే. "ది మోర్ ది బోర్‌వెల్ ఈజ్ డీప్" అని రాస్తారు. మోర్ ముందుకొచ్చింది, డీప్ వెనకే ఉండిపోయింది. "ది డీపర్ ది బోర్‌వెల్ ఈజ్" అనాలి. నౌన్ కూడా అంతే. ఎక్కువ నీళ్లు అనే అర్థానికి "ది మోర్ యు గివ్ వాటర్" కాదు, "ది మోర్ వాటర్ యు గివ్". అనుమానమొస్తే ముందు మామూలుగా "యు గివ్ మోర్ వాటర్" అని రాసుకోండి. అందులో "మోర్ వాటర్"ను కలిపే పైకి లాగి, ముందు ది తగిలించండి.

ఈ ది మనకు తెలిసిన ఆర్టికల్ కాదు. "అంతమేర" అనే అర్థమున్న పాత ఇంగ్లీషు రూపం నుంచి వచ్చింది. అందుకే ఒక సగంలో పెట్టి ఇంకో సగంలో వదిలేస్తే వాక్యం కుంటుతుంది. "మోర్ డీపర్" ఎలాగూ తప్పే. భవిష్యత్తు చెప్పాలంటే విల్ రెండో సగంలోనే: "ది లాంగర్ యు వెయిట్, ది లెస్ యు విల్ గెట్." బత్తాయి ధర గురించైతే ఈజ్ రెండు వైపులా తీసేసి "ది బిగ్గర్ ది క్రాప్, ది లోయర్ ది ప్రైస్" అంటే సరి. ఈ బిగువు యాజ్‌కు రాదు. పరీక్షలో రాసేటప్పుడు నా ఓటు ది–దికే.

మాట్లాడేటప్పుడు, సగాలు పొడుగైనప్పుడు యాజ్ నయం. వరుస మార్చే పని లేదు. కానీ దాని తర్వాత మార్పు చెప్పే క్రియ ఉండాలి: గోస్, ఫాల్స్, ఇంక్రీసెస్ లాంటివి. "యాజ్ ది బోర్‌వెల్ ఈజ్ డీప్" అంటే "బోరు లోతుగా ఉంది కాబట్టి" అయిపోతుంది. రెండూ కలిపేసి "యాజ్ ది బోర్‌వెల్ గోస్ డీపర్, ది మోర్ ఇట్ కాస్ట్స్" అని రాసేవాళ్లూ ఉన్నారు. అక్కడ మార్కు పోతుంది.

ఇక మిగతావి: "డీపర్ అండ్ డీపర్" ఒక్కదాని మార్పు చెప్పడానికే పనికొస్తుంది, రెండింటిని ముడిపెట్టదు. "యాజ్–సో" పాతకాలపు పుస్తకాల్లో చదువుకోవడానికి సరే. మన ఎంత–అంతను మాటకు మాట మార్చిన "హౌ మచ్–దట్ మచ్" అసలు ఇంగ్లీషే కాదు.