ఈ4కి జవాబు: కారో-కానా, ఫ్రెంచా?

చదరంగంలో తెల్లవాడు ఈ4తో (రాజు ముందు బంటును రెండు గళ్లు తోసి) మొదలుపెడితే, నల్లవాడిగా ఏ ఓపెనింగ్ (మొదటి ఎత్తుల వరస) ఆడాలి, కారో-కానా, ఫ్రెంచా అని వారానికి ఒకరైనా అడుగుతున్నారు. (గళ్ల పేర్లలో అక్షరం నిలువు వరుసది, అంకె అడ్డ వరుసది.) ఆరేళ్లు ఫ్రెంచ్ ఆడి ఈ మధ్యే కారో-కాన్‌కి మారాను కాబట్టి నా మాట కాస్త అటు మొగ్గితే సర్దుకోండి.

రెండింటిలోనూ రెండో ఎత్తుకి నల్ల బంటు డీ5కి వస్తుంది. దానికి దన్నుగా కారో-కాన్‌లో సీ6 బంటు ఉంటే, ఫ్రెంచ్‌లో ఈ6 బంటు ఉంటుంది. నా దృష్టిలో అసలు తేడా అంతా ఇక్కడే. ఆ ఈ6 బంటు సీ8 బిషప్‌కి తలుపు మూసేస్తుంది. తెల్లవాడు ఈ5కి తోశాడంటే గడియ కూడా పడ్డట్టే. ఫ్రెంచ్ ఆడినన్నాళ్లూ ఆ బిషప్‌ని ఎలా వదిలించుకోవాలా అన్నదే నా గోల. బీ6 తోసి ఏ6 నుంచి మార్చుకోవడమో, డీ7 మీదుగా బీ5కి తిప్పడమో. ఎండ్‌గేమ్ (కొన్ని పావులే మిగిలే ఆఖరి దశ) దాకా అది అక్కడే మిగిలిపోతే ఒక పావు తక్కువతో ఆడుతున్నట్టే ఉండేది.

కారో-కాన్‌లో అదే ఈ5 తోస్తే, మూడో ఎత్తుకే బిషప్ ఎఫ్5లో ఉంటుంది. ఈ6 ఆ తర్వాత. అయితే బయటికొచ్చినదాన్ని కాపాడుకోవాలి మరి. మారిన కొత్తలో ఒకతను నాలుగో ఎత్తు హెచ్4 ఆడితే, నేను ఏమీ ఆలోచించకుండా ఈ6 అన్నాను. అతను జీ4, నేను బిషప్ ఈ4, అతను ఎఫ్3, నేను బిషప్ జీ6, అతను హెచ్5. ఇక సీ2 బంటును కొట్టి చావడమే దానికి దిక్కు. హెచ్4కి మనమూ హెచ్5 ఆడాల్సింది.

కారో-కాన్ సేఫ్ అని నిద్రపోకూడదు. 1997లో న్యూయార్క్‌లో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూతో ఆరో గేమ్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ ఏడో ఎత్తు హెచ్6 ఆడాడు. కంప్యూటర్ గుర్రాన్ని ఈ6లో బలిచ్చింది. 19 ఎత్తులకే కాస్పరోవ్ ఓడిపోయాడు. తప్పు ఓపెనింగ్‌ది కాదు, ఆ ఒక్క ఎత్తుది. అక్కడ ముందు బిషప్‌ని డీ6కి తేవాలి.

ఫ్రెంచ్‌కున్న పెద్ద బలం, సీ5కి ఒక్క ఎత్తు చాలు. కారో-కాన్‌లో సీ బంటు రెండు అడుగుల్లో అక్కడికి చేరుతుంది, అంటే ఒక టెంపో (ఒక ఎత్తు సమయం) పోయినట్టే. డీ4లోని తెల్ల బంటు మీద ఒత్తిడి ఫ్రెంచ్‌లో తొందరగా మొదలవుతుంది, ఆట కూడా త్వరగా వేడెక్కుతుంది.

ఈ4కి ఇంకో జవాబు సిసిలియన్ అంటారా, లైన్లు బట్టీ పట్టే తీరిక ఉంటే ఆడండి. మరో జవాబు స్కాండినేవియన్‌లో రెండో ఎత్తుకే క్వీన్ బయటపడి తిరగడం నాకు పడదు.

గెలిచి తీరాల్సిన చివరి రౌండ్ కోసం ఫ్రెంచ్‌ని ఇంకా దాచుకున్నాను. ఎదుటివాడు మూడో ఎత్తుకే డీ5లో బంట్లు మార్చేసి డ్రా వైపు లాక్కెళ్లకపోతే.